నల్లా అక్క అడిగిన మాట

పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, నేను సువార్తను. యాకుత్‌పురా శాంతమ్మ బిడ్డను. నల్లా అక్క పోయింది. ఎల్లుండి పదకొండో దినం. మీకు చెప్పాలె అనిపిచ్చింది."

"ఎప్పుడు?" అన్నాను. తొమ్మిది రోజులైందని చెప్పింది. ఎట్లా పోయిందో అడిగేలోపే, ఇంకా చాలామందికి చెప్పాలంటూ పెట్టేసింది. డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను.

నల్లా అక్కకు అసలు పేరు వేరే ఉంది. హాజరు పట్టీలో నేనే రాసేదాన్ని. కానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా వినలేదు. నల్లా అంటే ఇక్కడ కుళాయి. ఆమె భర్త నీళ్ళ డిపార్టుమెంటులో గల్లీ గల్లీకీ తిరిగి వాల్వులు తిప్పే పని చేసేవాడు. మోకాళ్ళు పట్టేసి ఆయనకు నడవడం కష్టమయ్యాక, వాల్వులు తిప్పే నిలువెత్తు ఇనుప చావిని భుజాన వేసుకుని ఆమే ఆయన వెంట తిరిగింది. ఆయన గోడకు ఆనుకుని ఎన్ని చుట్లో చెప్పేవాడు, ఆమె తిప్పేది. ఆయన పోయి చాలా ఏళ్ళయినా పాతబస్తీలో హుస్సేనీ ఆలం నుంచి యాకుత్‌పురా దాకా తెలుగువాళ్ళకు ఆమె నల్లా అక్క, ముసల్మానుల ఇళ్ళలో నల్లా ఆపా. కుడి భుజం ఎడమదానికంటే కొంచెం కిందికి ఉండేది. నడుస్తుంటే ఇంకా ఆ ఇనుప కడ్డీ అక్కడే ఉన్నట్టు ఒక పక్కకు ఒరిగి నడిచేది.

నేను గుడివాడ వైపు నుంచి ఉద్యోగానికి హైదరాబాదు వచ్చినదాన్ని. అయిదేళ్ళ కిందట నేను పనిచేసిందొక స్వచ్ఛంద సంస్థ. పాతబస్తీలో ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇప్పించి, బేగంబజార్ దుకాణాలకు గుడ్డ సంచులు కుట్టే పని చూపించే కార్యక్రమం ఒకటి నడిపేది. మిషన్లు ఇవ్వడం వేరేవాళ్ళ పని. ఇచ్చాక ఆ ఇళ్ళలో నిజంగా ఏం మారిందో తెలుసుకోవడం నా పని. అది కూడా బయటినుంచి మనుషుల్ని తెచ్చి కాకుండా, ఆ బస్తీల ఆడవాళ్ళకే నేర్పి వాళ్ళ చేతే చూపించి, అడిగించి, రాయించాలి. అందుకు పన్నెండు మందిని తీసుకున్నాం. అందరికంటే పెద్దది ఆమె. యాభై దాటి ఉంటాయి.

మొదటి రోజు బోర్డు మీద 'సూచిక' అని రాసి అరగంట వివరించాను. అందరూ తలలూపారు. ఆమె మాత్రం ఊపలేదు.

"సూచిక అంటే ఏంది మేడం?"

"మార్పు వచ్చిందని మనకు తెలిపే గుర్తు అక్కా. ఇప్పుడు ఒక ఇంట్లో..."

"ఆనవాలు అనరాదుండ్రి మరి."

బోర్డు తుడిచి 'ఆనవాలు' అని రాశాను. సాయంత్రానికి పన్నెండు మందీ ఎవరింటి ఆనవాళ్ళు వాళ్ళు చెప్పుకుంటున్నారు. నేను రెండేళ్ళు యూనివర్సిటీలో చదివిన చదువుకు ఆ పూట మొదటిసారి తెలుగు దొరికింది.

మేమిచ్చిన టాబ్లెట్‌ను ఆమె పలక అనేది. పాత పంచె ముక్కలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకుని తిరిగేది. ఏ ఇంటికి వెళ్ళినా మొదట మంచినీళ్ళు అడిగేది. దాహం లేకపోయినా అడిగేది. ఒకసారి వరుసగా ఆరిళ్ళలో తాగింది. ఏడో ఇంట్లో కూడా అడుగుతుంటే నాకు నవ్వొచ్చింది. బయటికి వచ్చాక చెప్పింది:

"మనం అడగనీకి వోతున్నం గద బిడ్డా. ముందుగల వాళ్ళ చేతుల నుంచి ఏదన్న తీస్కోవాలె. అప్పుడు మనం ఆఫీసరమ్మలం గాము."

నలుగురిలో నన్ను మేడం అనేది. ఇద్దరమే ఉంటే బిడ్డా అనేది. ఆ రెండూ ఎప్పుడూ కలిపెయ్యలేదు.

నేను తయారుచేసిన ఫారంలో 'మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు' అని ఒక ప్రశ్న ఉండేది. అది అడగాల్సి వచ్చేసరికి, ఆ ఇంటి మగాయన పక్కనే కూర్చుని ఉంటే, "భాయ్, జర పాన్ తెచ్చి పెడ్తవా, నా కాళ్ళు నొస్తున్నయి" అనేది. ఆయన గడప దాటాక ప్రశ్న బయటికి వచ్చేది. ఆమెకు పాన్ అలవాటు లేదు. తెచ్చిన పాన్‌ను కొంగున కట్టుకుని, దారిలో రిక్షా తొక్కే ఎవరికో ఇచ్చేది.

గల్లీలోకి వెళ్తే మొదటింటి తలుపు తట్టేది కాదు. నేరుగా చివరిదాకా నడిచి, ఆఖరింటి నుంచి వెనక్కి వచ్చేది. మా జాబితాలో ఇళ్ళ వరుస ఒకటుంటే ఆమె వరుస ఇంకొకటి. మొదట్లో నాకు చిరాకేసింది. వరుస తప్పితే సమాచారం తప్పుతుందని కొంచెం గట్టిగానే అన్నాను.

"నీళ్ళిడిసినప్పుడు మొదటింటోళ్ళను అడిగితే, మస్తు వచ్చినయి అంటరు. అబద్ధం గాదు, వాళ్ళకొచ్చినయి. ఆఖరింట్ల బిందె నిండిందా లేదా చూడాలె. మా ఆయన రోజూ ఆఖరింటికి వొయ్యి అడిగినంకనే వాల్వు బంద్ చేసెటోడు" అంది.

ఆ రోజు రాత్రి నా గదికి వెళ్ళి ఇళ్ళ జాబితా మొత్తం తిరగేసి రాసుకున్నాను.

హుస్సేనీ ఆలంలో ఒకావిడ ఇంట్లో ఏం అడిగినా "అల్లా కా షుకర్ హై, సబ్ అచ్ఛా హై" అంటోంది. నేనైతే అన్నిటికీ 'అవును' నొక్కేసి లేచేదాన్ని. నల్లా అక్క పలక పక్కన పెట్టి, ఆవిడ మణికట్టును బొటనవేలితో, చూపుడువేలితో చుట్టి చూసింది. "సబ్ అచ్ఛా హై తో ఇత్తీ దుబ్లీ కైకూ హుయీ?" అంది. అంతా బాగుంటే ఇంత చిక్కిపోయావెందుకని. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఆ తర్వాత గంటసేపు మాకు వేరే ప్రశ్న అడగాల్సిన అవసరం రాలేదు.

యాకుత్‌పురా స్టేషన్‌కు అవతల ఒక సన్న గల్లీ ఉంది. దాని చివర శాంతమ్మ ఇల్లు. కూలి పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబం. శాంతమ్మకు మేమిచ్చిన మిషన్ బాగా నడుస్తోంది. ఆమె ఫోటో మా ఆఫీసు గోడ మీద కూడా ఉంది. మేము వెళ్ళేసరికి ఆమె సంచులు కుడుతోంది. పక్కనే నేల మీద పదమూడేళ్ళ కూతురు కూర్చుని కుట్టిన సంచుల్ని తిరగేసి, వేలాడే దారాలు కత్తిరించి, కట్టలు కడుతోంది. మంగళవారం, పదకొండు గంటల వేళ.

ఫారం ప్రకారం పని దొరుకుతోందా అని అడిగితే అవును. ముందుకంటే నయమా అంటే అవును. పది ప్రశ్నలకు పది మంచి జవాబులు వచ్చాయి. నేను లేవబోయాను. నల్లా అక్క ఆ పిల్ల వైపు చూసి, "బడి లేదా బిడ్డా ఇయ్యాల?" అంది.

పిల్ల తల్లి వైపు చూసింది. శాంతమ్మ మిషన్ ఆపకుండానే చెప్పింది: "మానిపిచ్చిన అక్కా. ఏం జెయ్యమంటవు? పదేండ్లకు పనొచ్చింది. నేనొక్కదాన్ని కుడితే కట్టలు ఎప్పటికి తయారైతయి? టైముకియ్యకపోతే సేటు వేరేటోళ్ళకిస్తడు."

నల్లా అక్క ఆమెను ఒక్క మాట అనలేదు. పిల్ల దగ్గరికి జరిగి, తనూ ఒక కత్తెర తీసుకుని దారాలు కత్తిరిస్తూ కూర్చుంది. "ఏం పేరు? ఏ తరగతి? ఏం చెప్తున్నప్పుడు మానేసినవు?"

"సువార్త. ఎనిమిది. లెక్కలల్ల బీజగణితం షురూ అయ్యింది" అంది పిల్ల. "మస్తు మంచిగుండె."

ఆ వారమంతా ఆమె ఆ గల్లీ వదల్లేదు. చివరింటి నుంచి మొదటిదాకా ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళింది. అట్లాంటి ఇళ్ళు ఏడున్నాయి. ఏడింట్లోనూ మా ఫారం ప్రకారం అంతా బాగున్నట్టే. ఏడింట్లోనూ ఒక ఆడపిల్ల బడి మానేసి దారాలు కత్తిరిస్తోంది. మా ఆనవాళ్ళలో దానికి గడి లేదు. చివర 'ఇతర వివరాలు' అని ఒక చిన్న గడి ఉంటే, అందులో ఆమె ఒక్కో అక్షరం వెతికి నొక్కి, ఏడుసార్లు రాసింది: 'పని వచ్చింది. పిల్ల బడి పోయింది.' దాని కింద ఒక ఉపాయం కూడా రాసింది. నాకు నోటితోనూ చెప్పింది.

"గల్లీల అర్రొకటి కిరాయికి తీస్కోండ్రి బిడ్డా. ముసలోళ్ళు ఎంతమంది లేరు, ఊకె కూసోని? నలుగురిని వెట్టండ్రి. సంచులు తిరగేసుడు, దారాలు కోసుడు, కట్టలు కట్టుడు వాళ్ళు జేస్తరు. వాళ్ళకూ పనైతది. పిల్లలు బడికి వోతరు. గింతే."

గింతే. ఇప్పటికీ నేను ఎన్నో జిల్లాల నివేదికలు చదువుతుంటాను. అంత సూటి సిఫారసు మళ్ళీ నా కంట పడలేదు.

నేనది ఆఫీసుకు తీసుకెళ్ళాను. రెండో విడతకు డబ్బు మంజూరు చెయ్యాల్సిన పెద్దలు త్వరలో రాబోతున్నారు. మా మేనేజర్ మొత్తం చదివి కళ్ళజోడు తీశారు. చెడ్డ మనిషి కాదు. "ఇది మన సూచికల్లో ఉందా?" అన్నారు. లేదన్నాను. "మన కార్యక్రమం వల్ల పిల్లలు బడి మానేశారని మనమే రాసి ఇస్తే, రేపు మిషన్లన్నీ వెనక్కి పోతాయి. ఆలోచించుకో. నీ ఇష్టం" అన్నారు.

నిజంగానే నా ఇష్టానికి వదిలేశారు. నన్నెవరూ బెదిరించలేదు. అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అది చెప్పుకుంటే సాకుగా ఉంటుంది కానీ ఉన్నమాట. ఆ సాయంత్రం నా బల్ల దగ్గర కూర్చుని, నివేదికలోకి వెళ్ళే గడుల జాబితాలో 'ఇతర వివరాలు' ముందున్న టిక్కు తీసేశాను. ఒక్క నొక్కు. ఏడిళ్ళూ, ఆ అర్రా, ఆ నలుగురు ముసలివాళ్ళూ దాంతోపాటే పోయారు.

రెండు రోజుల తర్వాత శిక్షణ అయిపోయి అందరూ వెళ్ళాక ఆమె ఆగింది. చాపలు చుడుతూ అడిగింది.

"బిడ్డా, గా ఏడిండ్ల ముచ్చట వెట్టినవా?"

"పెట్టాను అక్కా."

"నేను జెప్పిన ఉపాయం?"

"అదీ పెట్టాను."

"ఎవలు చదువుతరు?"

"పైవాళ్ళు చదువుతారు. చదివి ఎవరినైనా పంపిస్తారు."

ఆమె ముఖం విప్పారింది. చుట్టిన చాపను గోడకు నిలబెట్టి, నా తల మీద చెయ్యి వేసింది. "ఇగ ఫికర్ లేదు" అంది. అక్కడినుంచి నేరుగా యాకుత్‌పురా వెళ్ళి, పైనుంచి మనుషులొస్తారని ఆ ఏడిళ్ళలోనూ చెప్పి వచ్చిందని మర్నాడు తెలిసింది. ఆ మర్నాడు కూడా నేను నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ వారంలోనూ చెప్పలేదు. తర్వాత చెప్పడానికి సిగ్గేసేంత ఆలస్యమైపోయింది.

మంజూరు వచ్చింది. మా నివేదికనే రంగుల ఫోటోలతో తెలుగులో ఒక పుస్తకంగా వేసి బస్తీలన్నిటా పంచారు. ఏడాది తిరక్కుండా నేను ఇంకో సంస్థలో పెద్ద ఉద్యోగం దొరికి నగరం అవతలి కొసకు మారిపోయాను. చాలా కాలానికి, పాత ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయి మాటల్లో చెప్పింది: రెండో విడతలో, క్షేత్రం నుంచి వచ్చే సూచనల ప్రకారం మార్పులు చేసుకోవడానికి విడిగా కొంత డబ్బు ఇచ్చారట. ఎవరూ ఏ సూచనా పంపకపోవడంతో అది వాడకుండానే మిగిలిపోయిందట.

నల్లా అక్క ఫోన్ చేసేది. రెండు నెలలకో, మూడు నెలలకో. ముందు నా ఆరోగ్యం, మా అమ్మ ఆరోగ్యం అడిగేది. తన కాలి పుండు మానడం లేదని, షుగర్ అని, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పేది. ఆఖర్న అదే మాట.

"బిడ్డా, గా ఏడిండ్ల ముచ్చట ఏమన్న ఖబర్ వచ్చిందా?"

"ఇంకా లేదక్కా. టైం పడుతుంది."

"పడనీ" అనేది. గొంతులో విసుగు ఉండేది కాదు. నాకు అదే భరించరానిదిగా ఉండేది. ఒకసారి పనిలో ఉన్నానని చెప్పి పెట్టేశాను. ఇంకోసారి ఎత్తలేదు. తర్వాత ఎత్తకపోవడం అలవాటైంది.

పదకొండో దినానికి హుస్సేనీ ఆలం వెళ్ళాను. ఆమెకు పిల్లల్లేరు. తమ్ముడి ఇంటి వెనక భాగంలో ఒక గది. దాని ముందు నలభై యాభై మంది ఉన్నారు. సగం మంది బురఖాల్లో ఆడవాళ్ళు. ఫోటో ముందు విస్తరి వేశారు. శాంతమ్మ నన్ను గుర్తుపట్టి కూర్చోమంది. ఆమె పక్కన సన్నగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి లేచి నాకు చోటిచ్చింది. సువార్త. పద్దెనిమిదేళ్ళు వచ్చి ఉంటాయి. సూది మొనలాంటి పనిని ఏళ్ళ తరబడి చూసిన కళ్ళు, ఎదుటి మనిషిని చూడటానికి కూడా కొంచెం చిన్నవవుతున్నాయి.

భోజనాలు అయ్యాక నేనూ ఆ అమ్మాయీ వెనక మెట్ల మీద కూర్చున్నాం. చదువు సంగతి అడిగాను.

"మల్ల వోలేదు మేడం. చెల్లెను పంపుతున్న. అది తొమ్మిదిల ఉన్నది. నల్లా అక్కనే అమ్మతోని కొట్లాడి పంపిపిచ్చింది. గల్లీల ఇద్దరు మల్ల వోయిండ్రు. మిగిలినోళ్ళం వోలేదు. ఇద్దరి పెండ్లిళ్ళైనయి."

చివరికి చెప్పాను.

"సువార్తా, అప్పుడు మీ గల్లీ సంగతి నేను రాయలేదు. అక్క రాసింది. నేను తీసేశాను. రాశానని ఆమెతో అబద్ధం చెప్పాను."

అయిదేళ్ళు పట్టిన మాటలు. వినాల్సిన మనిషి లోపల ఫోటోలో ఉంది.

సువార్త ఆశ్చర్యపోలేదు. "అక్కకు ఎర్కనే" అంది.

"ఎప్పటినుంచి?"

"రంగు పుస్తకం పంచిండ్రు గద. గా దినమే తెచ్చి నాతోని చదివిపిచ్చింది. అట్ట నుంచి అట్ట దాక. మల్లొక్కసారి చదువు అన్నది. మల్ల చదివిన. లేదు. పుస్తకం మూసి, సరే తియ్ అన్నది."

ఆ తర్వాతే కదా ఆ ఫోన్లన్నీ. ఆ లెక్క నా మనసులో పడటానికి కొంచెం సేపు పట్టింది.

"మరి తెలిసీ నన్నెందుకు అడిగేది?"

"నేను గూడ అడిగిన. నాకు మస్తు కోపమొచ్చెడిది మీ మీద. గట్లనకు అనెడిది. గా పిల్ల చెడ్డది గాదు, భయపడ్డది, ఎప్పుడో ఒకనాడు తనంతల తనే చెప్తది, అడుగుడు బంద్ వెడితే ఇగ చెప్పనీకి దానికి తొవ్వ ఉండదు అనెడిది."

లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. నేను మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాను. ఆమె నన్ను నిలదీయాలనుకుని ఉంటే ఒక్క ఫోన్ చాలు. అన్నేళ్ళపాటు ఓపిగ్గా నాకోసం తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. నేను ఆ తలుపు చప్పుడు వినిపించకుండా ఫోన్ పక్కన పెట్టేశాను.

"దవాఖానల ఉన్నప్పుడు గూడ ఒకపారి చేసింది మీకు" అంది సువార్త. "చెయ్యి వణుకుతుండె. నేనే నంబర్ కలిపి చెవి కాడ వట్టిన. పూర మోగింది. మీరు ఎత్తలే. తెల్లారి పోయింది."

ఆ కాల్ నాకు గుర్తుంది. మీటింగులో ఉన్నాను. ఆమె పేరు చూసి ఫోన్‌ను బోర్లించాను.

"ఏం చెప్పాలనుకుందో..." అన్నాను. "అడగడానికే చేసిందా? లేకపోతే, ఇక అడగనులే అని చెప్పడానికా? నీకేమనిపించింది?"

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. నేను ఏం వినాలనుకుంటున్నానో ఆమెకు తెలుసు. మిమ్మల్ని క్షమించానని చెప్పడానికే చేసింది మేడం అని ఒక్క మాట అంటే, నేను ఆ మెట్ల మీదే ఆమె చేతులు పట్టుకునేదాన్ని. ఎవరైనా అనేవాళ్ళు. చనిపోయిన ఇంట్లో అట్లాంటి మాటలు అందరూ అంటారు.

సువార్త చూపు తిప్పుకోలేదు.

"నాకెర్క లేదు మేడం" అంది. "అక్క చెప్పలేదు. చెప్పనిది నేనెట్ల చెప్పాలె."

తర్వాత లేచి, విస్తళ్ళు ఎత్తడానికి లోపలికి వెళ్ళింది.